ఐరన్ క్లోరైడ్ల ఉష్ణం కొలవడానికి కొన్న ద్రావణ కెలోరీమీటర్: ఒక సమీక్ష

అనంతపురంలోని మా డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగానికి కిందటి విద్యాసంవత్సరంలో ఒక ద్రావణ కెలోరీమీటర్ (పదార్థం ద్రవంలో కరిగేటప్పుడు వెలువడే లేదా పీల్చుకునే ఉష్ణాన్ని కొలిచే పరికరం) సెట్టు తెప్పించాము. చివరి సంవత్సరం విద్యార్థుల చేత ఐరన్ క్లోరైడ్ల (ఫెర్రిక్ క్లోరైడ్, ఫెర్రస్ క్లోరైడ్) ఉష్ణగతిక ధర్మాలను స్వయంగా కొలిపించాలన్నది మా ఉద్దేశం. అంబాలాలో తయారై, కర్నూలులోని ఒక సరఫరాదారు ద్వారా మాకు చేరిన ఈ సెట్టును స్వల్ప మార్పులతో పలువురు తయారీదారులు అమ్ముతున్నారు కనుక, పేరును పక్కన పెట్టి పనితనం గురించే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్లాస్కు, థర్మామీటరు నేను ఆశించినదానికంటే మంచి నాణ్యతతో ఉన్నాయి. హీటరు, స్టిరర్ మాత్రం ఫెర్రిక్ క్లోరైడ్‌కు పనికిరావు. ఇక వెంట వచ్చిన ప్రయోగ పుస్తకంలోని ఫెర్రిక్ క్లోరైడ్ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే విద్యార్థికి తప్పు అంకె వస్తుంది, అది ఎందుకు తప్పో కూడా తెలియకుండా పోతుంది.

పెట్టెలో అర లీటరు డ్యూవార్ ఫ్లాస్కు (థర్మాస్ లాంటిది), దానికి బిగుతుగా కూర్చునే థర్మోకోల్ మూత, డిగ్రీలో నూరో వంతు వరకు చూపే థర్మిస్టర్ (ఉష్ణోగ్రతతో విద్యుత్ నిరోధం మారే సెన్సర్) థర్మామీటరు, స్టీలు తొడుగులో అమర్చిన హీటరు, చిన్న మోటారుతో తిరిగే స్టీలు స్టిరర్, వోల్టేజీనీ కరెంటునూ చూపే డీసీ సప్లై, నమూనా నింపడానికి పలుచని గాజు బల్బులు, ఒక ప్రయోగ పుస్తకం ఉన్నాయి. ప్యాకింగు బాగుంది, ఫ్లాస్కు పగులు లేకుండా వచ్చింది.

ఐరన్ క్లోరైడ్లనే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఒకే లోహం రెండు ఆక్సీకరణ స్థితుల్లో ఒకే హాలోజన్‌తో కలిసిన జంట ఇది, పైగా రెండింటి విలువలూ ప్రామాణిక పట్టికల్లో స్థిరపడి ఉన్నాయి. 25 సెల్సియస్ డిగ్రీల వద్ద ఘన ఫెర్రిక్ క్లోరైడ్ మూలకాల నుంచి ఏర్పడే ఎంథాల్పీ (స్థిర పీడనం వద్ద ఉష్ణ మార్పు, రుణ గుర్తు ఉంటే ఉష్ణం వెలువడినట్టు) మోల్‌కు −399.5 కిలోజౌళ్లు, ఫెర్రస్ క్లోరైడ్‌కు −341.8. నీటిలోని అయాన్లకు వస్తే ఫెర్రిక్ అయాన్‌కు −48.5, ఫెర్రస్ అయాన్‌కు −89.1, క్లోరైడ్ అయాన్‌కు −167.2. మొత్తం ఉష్ణ మార్పు దారి మీద ఆధారపడదనే హెస్ నియమం ప్రకారం వీటిని కూడి, తీసివేసి చూస్తే, అనార్ద్ర (నీటి అణువులు లేని) ఫెర్రిక్ క్లోరైడ్ చాలా విలీన (పలుచని) ద్రావణంగా మారేటప్పుడు మోల్‌కు దాదాపు 150 కిలోజౌళ్లు, అనార్ద్ర ఫెర్రస్ క్లోరైడ్ అలాగే కరిగేటప్పుడు దాదాపు 82 కిలోజౌళ్లు వెలువడాలి. పట్టికలో చదివిన అంకె ఫ్లాస్కులో డిగ్రీల రూపంలో కనబడడం విద్యార్థికి కలిగించే నమ్మకం ఏ ఉపన్యాసం వల్లా కలగదని నా గట్టి అభిప్రాయం. ఈ సెట్టు ఆ అవకాశాన్ని ఇస్తుంది కనుకనే దాని లోపాల గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది.

అన్నిటికంటే మెచ్చుకోదగినది థర్మామీటరు. అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్ మోలార్ ద్రవ్యరాశి 162.2 కనుక ఒక గ్రాములో 6.2 మిల్లీమోళ్లు ఉంటాయి, వాటి నుంచి వెలువడే ఉష్ణం సుమారు 925 జౌళ్లు. 200 మిల్లీలీటర్ల ద్రవంలో అది కరిగితే ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటుగా మాత్రమే పెరుగుతుంది. పదో వంతు వరకే చూపే మామూలు పాదరస థర్మామీటరుతో కొలిస్తే ఆ ఒక్కచోటే పది శాతం అనిశ్చితి వచ్చి పడుతుంది. ఈ థర్మిస్టర్‌తో అది ఒక శాతానికి దిగుతుంది. నమూనా పరిమాణం పెంచి పెరుగుదలను పెద్దది చేసుకోవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. గాఢత పెరిగేకొద్దీ ఫెర్రిక్ అయాన్ క్లోరైడ్ అయాన్లతో మరింతగా సంక్లిష్టాలు (జతకట్టిన అయాన్లు) ఏర్పరుస్తుంది, ఫలితం పట్టికలోని విలీన విలువకు మరింత దూరమవుతుంది కనుక, చిన్న నమూనా, సూక్ష్మమైన థర్మామీటరు అన్న దారే సరైనది.

ఫ్లాస్కు ఉష్ణ నష్టం కూడా తక్కువే. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని ప్రయోగశాలలో ఫ్లాస్కులోని ద్రవం చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉండి మెల్లగా వేడెక్కుతూ ఉంటుంది. అయితే ఆ వేడెక్కే వేగం నిలకడగా ఉన్నందువల్ల, నమూనా కలపడానికి ముందు కొన్ని నిమిషాలు, కలిపిన తర్వాత మరికొన్ని నిమిషాలు రీడింగులు తీసుకుని, గ్రాఫు మీద రెండు సరళరేఖలను కలిపిన క్షణానికి పొడిగించి సవరణ చేయడం తేలికైంది. ఉదయం తొలి గంటల్లో, ఫ్యాన్లు ఆపి చేస్తే రేఖలు ఇంకా శుభ్రంగా వస్తాయి. ఇంత చవక సెట్టులో ఇంత మంచి ఫ్లాస్కు ఇచ్చినందుకు తయారీదారును మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఇక హీటరు సంగతి. కెలోరీమీటర్‌కు ఎంత ఉష్ణం ఇస్తే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో తెలుసుకోవడానికి విద్యుత్తుతో వేడి చేసి క్రమాంకనం చేస్తారు. ఉదాహరణకు 6 వోల్టులు, 1 ఆంపియర్‌తో 150 సెకన్లు నడిపితే 900 జౌళ్లు, అంటే ఒక గ్రాము నమూనా ఇచ్చే ఉష్ణానికి దగ్గరి పరిమాణం. పద్ధతి చక్కగా ఉంది, సప్లై కూడా నిలకడగానే పనిచేస్తోంది. కానీ ఆ హీటరు తొడుగూ, స్టిరర్ రెక్కలూ స్టీలువి కావడం, ఇవి రెండూ కొలత జరుగుతున్నంతసేపూ ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో మునిగి ఉండడం సరిదిద్దక తప్పని లోపం. తుప్పు పట్టని ఉక్కులో గుంటలు పడే స్వభావాన్ని పరీక్షించడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన జీ48 అనే ప్రామాణిక పద్ధతిలో వాడేదే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం. ఉక్కును పరీక్ష పెట్టడానికి లోకమంతా వాడే ద్రవంలోనే ఉక్కు భాగాలను ముంచమని చెప్పే పరికరం ఇది.

ఇది పరికరం ఆయుష్షుకు మాత్రమే సంబంధించిన విషయమైతే నేను ఇంతగా పట్టించుకునేవాణ్ణి కాదు. కొలతకే ముప్పు ఉంది. ఒక ఇనుప పరమాణువు రెండు ఫెర్రిక్ అయాన్లతో చర్య జరిపి మూడు ఫెర్రస్ అయాన్లను ఇస్తుంది, పైన చెప్పిన విలువలతో లెక్క కడితే కరిగిన ఇనుము మోల్‌కు దాదాపు 170 కిలోజౌళ్లు వెలువడతాయి. అంటే కేవలం ఐదారు మిల్లీగ్రాముల ఇనుము కరిగినా 17 జౌళ్ల వరకు అదనపు ఉష్ణం చేరుతుంది. మనం కొలవాలనుకున్న 925 జౌళ్లలో అది దాదాపు రెండు శాతం. పైగా అది ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా వెలువడుతుంది కనుక, కలిపిన తర్వాతి రేఖ వాలును మార్చి, సవరణనే తప్పుదారి పట్టిస్తుంది. కొంతకాలం వాడాక మా స్టిరర్ రెక్కల అంచుల్లో చిన్న చిన్న గుంటలు కనబడ్డాయి. ఆ తర్వాత హీటరు తీగను సన్నని గాజు గొట్టంలో పెట్టించి, స్టిరర్‌ను గాజు కడ్డీతో మార్పించాము. అప్పటినుంచి రేఖలు నిలకడగా వస్తున్నాయి, విలువలు ఒకదానికొకటి దగ్గరగా వస్తున్నాయి. గాజు తొడుగులో హీటరు నుంచి ఉష్ణం ద్రవంలోకి చేరడానికి కొద్దిగా ఎక్కువ సమయం పడుతుంది, దానికి తగినట్టు రీడింగులు మరికొంతసేపు తీసుకోవాలి.

ఇదే హెచ్చరిక విశ్వవిద్యాలయాల్లోని డీఎస్‌సీ యంత్రాలకు (నమూనాను క్రమంగా వేడి చేస్తూ అది పీల్చే, వదిలే ఉష్ణాన్ని కొలిచేవి) నమూనాలు పంపేవారికీ వర్తిస్తుంది. అక్కడ మామూలుగా వాడే చిన్న మూసలు అల్యూమినియంవి. హైడ్రేట్ రూపంలోని (స్ఫటికంలో నీటి అణువులున్న) ఫెర్రిక్ క్లోరైడ్ కరగగానే అల్యూమినియాన్ని తినేస్తుంది. వేరే పదార్థంతో చేసిన మూస దొరుకుతుందా అని ముందే అడిగి పంపడం మంచిది.

క్రమాంకనాన్ని విద్యుత్తుతో మాత్రమే కాక పొటాషియం క్లోరైడ్‌తో కూడా సరిచూడమని ప్రయోగ పుస్తకం సలహా ఇస్తుంది. ఇది సరైన సలహా. మోల్‌కు దాదాపు 17.5 కిలోజౌళ్లు పీల్చుకుంటూ కరిగే ఆ లవణం కెలోరీమీటర్లను పరీక్షించడానికి ఎప్పటినుంచో ఉన్న ప్రమాణం. మూడు గ్రాములు వేస్తే ఉష్ణోగ్రత దాదాపు 0.8 డిగ్రీ పడిపోతుంది. మా సెట్టు ఈ పరీక్షలో నిలబడింది.

పుస్తకంలోని ఫెర్రిక్ క్లోరైడ్ అధ్యాయం మాత్రం నిరాశ కలిగించింది. అందులో "ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణోష్ణం" అని ఒకే ఒక విలువ అచ్చు వేశారు. అది అనార్ద్ర లవణానిదా, ఆరు నీటి అణువులున్న హెక్సాహైడ్రేట్‌దా అన్నది ఎక్కడా చెప్పలేదు. ఈ రెండూ వేర్వేరు పదార్థాలన్నంత తేడా ఉంది. అనార్ద్ర లవణం కరిగేటప్పుడు వెలువడే ఉష్ణంలో పెద్ద భాగం అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ చేర్చుకోవడం వల్ల వచ్చేది. హెక్సాహైడ్రేట్‌లో ఆ పని చాలావరకు ముందే జరిగిపోయి ఉంటుంది కనుక దాని ద్రావణోష్ణం అనార్ద్ర లవణంతో పోలిస్తే చాలా తక్కువ. ఈ రెండింటినీ విడివిడిగా కొలిపించి, తేడా నుంచి హైడ్రేట్ ఏర్పడే ఎంథాల్పీని లెక్క కట్టించడమే ఈ సెట్టుతో చేయదగిన అత్యుత్తమ ప్రయోగమని నేను అనుకుంటాను. పుస్తకం ఆ ఊసే ఎత్తదు.

సీసాలో ఉన్నది నిజంగా అనార్ద్రమేనా అన్నది తేల్చుకోవడం ఎలాగో కూడా రాసి ఉండాల్సింది. అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్ పరావర్తన కాంతిలో ముదురు ఆకుపచ్చగానూ, కాంతిని తమ గుండా పోనిచ్చినప్పుడు ఊదా ఎరుపుగానూ కనిపించే స్ఫటికాలుగా ఉంటుంది. తేమ తాగిన సరుకు పసుపు గోధుమ రంగు ముద్దలుగా మారుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల రోజుల్లో మూత తీసిన సీసా తూచే లోపే రంగు మారుతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అనంతపురం గాలి పొడిగా ఉన్నప్పుడు అదే పని తీరిగ్గా చేసుకోవచ్చు. తడిసిన లవణాన్ని వేడి చేసి ఆరబెట్టవచ్చుననుకోవడం పొరపాటు. అలా చేస్తే నీటితోపాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వెళ్లిపోయి ఆక్సీక్లోరైడ్, చివరకు ఆక్సైడ్ మిగులుతాయి. ఈ దృష్ట్యా సెట్టులో ఇచ్చిన గాజు బల్బులు చాలా ఉపయోగకరమైనవి. పొడి గాలిలో నమూనా నింపి, మంటతో మూతి మూసి, తూచి పెట్టుకుంటే, ఫ్లాస్కులో ద్రవం ఉష్ణోగ్రత కుదురుకున్న తర్వాత కడ్డీతో బల్బును పగలగొట్టవచ్చు. కానీ ఇచ్చిన బల్బులు కొద్దిపాటివే, విడిగా కొనడానికి దొరకడం లేదు.

అధ్యాయంలోని మరో లోపం, ద్రావణిగా కేవలం డిస్టిల్డ్ వాటర్ వాడమనడం. ఫెర్రిక్ అయాన్ నీటిని విశ్లేషించి ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ద్రావణం గోధుమ రంగుకు తిరగడమే దానికి సాక్ష్యం. ఆ చర్యకూ దాని ఎంథాల్పీ ఉంటుంది, అది కొంతసేపు సాగుతుంది కూడా. అందుచేత కొలిచిన ఉష్ణంలో ఎంత భాగం కరగడం వల్ల వచ్చింది, ఎంత భాగం జలవిశ్లేషణ వల్ల వచ్చింది అన్నది విడదీయడం సాధ్యం కాదు. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే జలవిశ్లేషణ అణగిపోతుంది. అప్పుడు క్లోరైడ్ సంక్లిష్టాల ప్రభావం మిగులుతుంది కాబట్టి ఫలితాన్ని పట్టికలోని అంకెతో పోల్చేటప్పుడు ఆమ్ల గాఢతను తప్పనిసరిగా రాయించాలి. మా విద్యార్థులకు వచ్చిన విలువలు లెక్క కట్టిన 150 కిలోజౌళ్లకు దిగువనే నిలిచాయి. తేడాకు సంక్లిష్టాలు, సీసాలోని తేమ ఏ మేరకు కారణమో వాదించుకోవడంలోనే వాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు.

ఫెర్రస్ క్లోరైడ్ విషయంలో సెట్టు గురించి చెప్పాల్సింది తక్కువ. మార్కెట్లో సులువుగా దొరికేది నాలుగు నీటి అణువులున్న లేత ఆకుపచ్చ రకం. దానికి 82 కిలోజౌళ్ల విలువ వర్తించదు. గాలిలోని ఆక్సిజన్‌తో అది మెల్లగా ఫెర్రిక్‌గా మారుతుంది కనుక, ఆమ్లం కలిపిన, మరిగించి చల్లార్చిన నీటిని వాడి, పొటాషియం థయోసయనేట్ చుక్కతో ఎరుపు (అది ఫెర్రిక్‌కు గుర్తు) వస్తుందేమో చూసుకుని మొదలుపెడితే చాలు. థర్మోకోల్ మూత గాలి ఎక్కువగా చొరబడకుండా ఆపగలుగుతోంది.

ఈ సెట్టుతో పుస్తకంలో లేని ఒక ప్రయోగం కూడా చేయించాము, దాని గురించి రాయకుండా ఉండలేను. బీఎస్సీ, ఎమ్మెస్సీ పాఠాల్లో ప్రావస్థ నియమం (ఘన, ద్రవ రూపాలు ఎప్పుడు కలిసి ఉండగలవో చెప్పేది) కింద ఫెర్రిక్ క్లోరైడ్–నీరు వ్యవస్థను చదివిస్తాము. డచ్ శాస్త్రవేత్త బఖూయిస్ రోజెబూమ్ 1892లో ప్రచురించిన ఆ వ్యవస్థ చిత్రంలో (ఏ కూర్పు ఏ ఉష్ణోగ్రత వద్ద గడ్డకడుతుందో చూపే గ్రాఫు) నాలుగు హైడ్రేట్లకు నాలుగు శిఖరాలు ఉంటాయి: రెండు ఇనుప పరమాణువులకు పన్నెండు నీటి అణువులున్నది 37 డిగ్రీల వద్ద, ఏడు ఉన్నది 32.5 వద్ద, ఐదు ఉన్నది 56 వద్ద, నాలుగు ఉన్నది 73.5 వద్ద కరుగుతాయి. మొదటిది మన సీసాల్లో ఉండే హెక్సాహైడ్రేటే. మే నెలలో మన స్టోరు గదిలో ఆ సీసా దానంతట అదే ద్రవమై కనిపించడం పాడైపోవడం కాదు, రోజెబూమ్ చిత్రంలోని మొదటి శిఖరాన్ని మన ఎండ దాటడం. కరిగిన లవణాన్ని గాజు పరీక్షనాళికలో తీసుకుని, ఫ్లాస్కులో చల్లని నీరు పోసి అందులో నిలబెట్టి, థర్మిస్టర్‌ను గాజు గొట్టం తొడుగుతో నాళికలో ఉంచితే శీతలీకరణ వక్రం గీయవచ్చు. ద్రవం 37 కంటే బాగా కిందికి జారిపోయి కూడా గడ్డకట్టకుండా ఉండి, చిన్న స్ఫటికం ఒకటి వేయగానే ఉష్ణోగ్రత మళ్లీ పైకి ఎగబాకి 37 దగ్గర నిలబడడం చూసినప్పుడు తరగతి మొత్తం బల్ల చుట్టూ మూగింది. నూరో వంతు థర్మామీటరు విలువ అక్కడ మరోసారి తెలిసింది.

కొనేవారికి ఒక హద్దు కూడా స్పష్టం కావాలి. సెట్టు పెట్టె మీద "సంపూర్ణ ఉష్ణగతిక అధ్యయనం" అని రాశారు, అది అతిశయోక్తి. ఇది ఎంథాల్పీ మార్పులను కొలుస్తుంది, అంతే. ఫెర్రిక్ క్లోరైడ్ ఎంట్రోపీ (అణువుల అమరికలోని అస్తవ్యస్తతకు కొలత) మోల్‌కు 142.3, ఫెర్రస్ క్లోరైడ్‌ది 118.0 జౌళ్లు పర్ కెల్విన్ అని పట్టికల్లో చూస్తున్నామంటే, ఘనపదార్థపు విశిష్టోష్ణాన్ని (ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన ఉష్ణం) పరమశూన్యం దగ్గరి నుంచి కొలుచుకుంటూ వచ్చిన వేరే తరహా పరిశ్రమ దాని వెనుక ఉంది. ఖార్కివ్‌లో ట్రాపెజ్నికోవా, షుబ్నికోవ్ 1934లో ఫెర్రస్ క్లోరైడ్ విశిష్టోష్ణంలో 24 కెల్విన్ దగ్గర ఒక పదునైన పెరుగుదలను గమనించారు. ఇనుప అయాన్ల అయస్కాంత భ్రామకాలు వరుసలో సర్దుకునే ఉష్ణోగ్రత అది. అటువంటి కొలతకు ద్రవ హైడ్రోజన్, ద్రవ హీలియం కావాలి. అలాగే ఫెర్రిక్ క్లోరైడ్ 300 డిగ్రీలు దాటాక కరిగి, రెండేసి అణువులు జతకట్టిన ఆవిరిగా లేస్తుంది. ఆ ఆవిరి పీడనాన్ని కొలవడం కూడా ఈ ఫ్లాస్కు పని కాదు.

అయినా ఎంట్రోపీ రుచి చూపించడానికి ఒక దారి ఉంది, అందుకు కావలసిన పొటెన్షియోమీటర్ (విద్యుద్ఘటం వోల్టేజీని కొలిచే పరికరం) చాలా కళాశాలల్లో ఉంటుంది. ఫెర్రిక్, ఫెర్రస్ అయాన్ల జంట ప్రమాణ పొటెన్షియల్ 0.771 వోల్టులు, అది ఉష్ణోగ్రతతో డిగ్రీకి సుమారు 1.17 మిల్లీవోల్టులు పెరుగుతుంది. మొదటి అంకె నుంచి గిబ్స్ శక్తి (చర్య నుంచి పనిగా రాబట్టగల శక్తి) మార్పు −74.4 కిలోజౌళ్లు, రెండోదాని నుంచి ఎంట్రోపీ మార్పు సుమారు 113 జౌళ్లు పర్ కెల్విన్, రెండూ కలిపితే ఎంథాల్పీ మార్పు −40.6 కిలోజౌళ్ల దగ్గర వస్తాయి. ఫెర్రస్ −89.1 నుంచి ఫెర్రిక్ −48.5 తీసివేస్తే వచ్చేది సరిగ్గా అదే. ఉష్ణంతో వచ్చిన దారి, విద్యుత్తుతో వచ్చిన దారి ఒకేచోట కలవడం చూపించగలిగితే ప్రాజెక్టు సార్థకమైనట్టే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఈ పొటెన్షియల్ 0.70 దగ్గరికి దిగిపోతుందన్నది మాత్రం ముందే చెప్పి పెట్టాలి. కెలోరీమీటర్‌లో మనల్ని ఇబ్బంది పెట్టిన క్లోరైడ్ సంక్లిష్టాలే ఇక్కడా కారణం.

అమ్మకం తర్వాతి సేవ గురించి కొంత మంచి, కొంత చెడు చెప్పాలి. థర్మామీటరు మొదట్లో కాస్త తడబడితే సరఫరాదారు మనిషి కర్నూలు నుంచి వచ్చి ప్రోబు మార్చి వెళ్లాడు. హీటరు విషయం చెప్పినప్పుడు మాత్రం "పుస్తకంలో ఉన్నట్టే చేయండి సార్, ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు. రాతపూర్వకంగా కారణాలు వివరించి పంపాక, గాజు తొడుగు హీటరును అదనపు ధరకు ఇస్తామని తయారీదారు ఒప్పుకున్నాడు. అందుచేత కొత్తగా కొనేవారు ఆర్డరులోనే హీటరు తొడుగు, స్టిరర్ గాజువి లేదా టెఫ్లాన్‌వి కావాలని, గాజు బల్బులు అదనంగా ఒక పెట్టె కావాలని, థర్మామీటరుకు క్రమాంకన పత్రం జతచేయాలని రాయించుకుని, ఈ మూడూ చేతికి అందాకే బిల్లు మీద సంతకం పెట్టాలి.